రెండోసారి చూడాలనిపించేవి

ప్లాస్టిక్ కవరు చించగానే కొత్త గౌను వాసన గుప్పుమంది. గంజి వాసన కాదు, అద్దకం వాసనా కాదు. ముక్కు లోపల మందులా అంటుకుని వదలని వాసన. ఈ మధ్య టీవీలో పిల్లల డాన్సు పోటీ ఒకటి వస్తోంది. మా పాప దాన్ని రెప్ప వేయకుండా చూస్తుంది. అందులో ఒక పిల్ల వేసుకున్నటువంటి తళుకుల గౌను కావాలని అడిగితే సాయంత్రం హిందూపురం బజారంతా తిరిగి తెచ్చాను. బీరువాలో అలాంటివి ఇంకా ఉన్నాయి. ఒకదానికి ట్యాగు కూడా తీయలేదు. పాప పడుకున్నాక కొత్త గౌనును లోపలివైపుకు తిప్పి చూశాను. తళుకులు గుచ్చుకోకుండా అస్తరు కూడా వేయలేదు. కొంటున్నంతసేపూ నా గుండెలో తగ్గిన దడ ఇంటికి రాగానే మళ్లీ మొదలైంది. ఈ దడను నాకంటే ముందు గుర్తుపట్టిన మనిషి ఒకామె ఉండేది. ఆమె పేరు జైబున్నీసా. మా అందరికీ జైబక్క.

పెనుకొండ బస్టాండు దగ్గర, కొండ నీడ తొందరగా పడే వీధిలో ఆమెకు ఒక షాపు ఉండేది. భర్త పోయాక ఆయన నడిపిన వీడియో కాసెట్ల వ్యాపారాన్నీ, తను ఇంట్లో చేసుకునే గుడ్డల వ్యాపారాన్నీ ఒకే గదిలోకి చేర్చింది. కుడివైపు గోడకు బాడుగకు ఇచ్చే కాసెట్లు, ఎడమవైపు రవికె గుడ్డలు, లోపావడాలు, నూలు చీరలు. సినిమాలూ గుడ్డలూ ఒకేచోట ఏమిటని అడిగినవాళ్లకు, "రెండూ ఇంట్లో మొగోళ్లను అడక్కుండా ఆడోళ్లు తెచ్చుకునేవే కదప్పా" అని జవాబు చెప్పేది. డిగ్రీ అయిపోయి టీచరు ఉద్యోగాల ప్రకటన కోసం ఎదురుచూస్తున్న రోజుల్లో నేను ఆ షాపులో పనికి చేరాను. కాసెట్లు తిరిగి వచ్చాక వెనక్కి చుట్టి పెట్టడం, ఎవరు ఏది తీసుకున్నారో గుర్తుంచుకోవడం నా పని. రెండు మూడు నెలలే అనుకుని చేరి మూడేళ్లు ఉండిపోయాను.

జైబక్కకు కొనుగోలు విషయంలో ఒకటే కొలత. కొత్త సినిమా వస్తే ముందు తానే టాకీసుకు పోయి చూసేది. ఇంకోసారి చూడాలనిపిస్తేనే దాని కాసెట్టు షాపులో పెట్టేది. గుడ్డయినా అంతే. చూసి వదిలేసి వచ్చేది. కొన్నాళ్లకు మళ్లీ పోయి చూసేది. అప్పటికీ కన్ను దానిమీదే నిలిస్తే తెచ్చేది. దీనివల్ల మా షాపులో కొత్త సినిమాలు ఎప్పుడూ ఆలస్యమే. పక్క వీధిలో ఇంకో వీడియో షాపు తెరిచాక మా గిరాకీ సగం అటు వెళ్లిపోయింది. నాకు కాళ్లు నిలిచేవి కావు. "అక్కా, ఈ సినిమా అన్నా తెప్పించు, ఊరంతా దీన్నే అడుగుతాండారు" అని పోరేదాన్ని. ఆమె మాత్రం నింపాదిగా టీ తాగుతూ, "ఊరంతా ఒగసారి చూస్తారు. ఆ తర్వాత అది నా గోడమీద దుమ్ము పట్టుకోని కూచుంటాది. దాన్ని తుడిచేది ఎవరు, నువ్వా?" అనేది.

ఒకరోజు కాలేజీ పిల్ల ఒకతె పరుగెత్తుకుంటూ వచ్చింది. అప్పుడు ఆడుతున్న ఏదో సినిమాలో హీరోయిన్ వేసుకున్న మెరుపు గుడ్డ కావాలంది.

"ఏ పాటలో మే? మంచులో ఎగుర్తాదే, అదా?" అంది జైబక్క.

"అదే అక్కా! తెప్పిస్తావా?"

"ఆ యమ్మి దాన్ని ఒగ చరణం వేసుకున్నాది. నువ్వు మూడేండ్లు వేసుకోవాల. ఎండకాలం అది ఒంటికి అతుక్కోని రాదు."

"ఆమెకు మంచులో చలే పెట్టల్యా, నాకు ఎండ ఏం చేస్తాది?"

"ఆమెకు చలి పెడితే ప్రొడ్యూసరు శాలువ కప్పుతాడు. నీకు చెమట పోస్తే నేనొచ్చి విసరల్లా?"

ఆ పిల్ల పడీ పడీ నవ్వింది. నవ్వుతూనే పక్క వీధికి పోయి ఆ గుడ్డే కొనుక్కుంది. రెండు రోజులకు దాన్ని కుట్టించి వేసుకుని మా షాపు ముందునుంచే పోయింది. "బాగుండాది మే, నిజ్జంగా బాగుండాది" అని జైబక్క లోపలినుంచి కేక వేసింది. ఆ మాటలో ఎత్తిపొడుపు లేదు. అందమైన వస్తువంటే ఆమెకు కోపం ఉండేది కాదు. ఆ అందాన్ని ఎన్నాళ్లు మోయాలన్నదే ఆమె లెక్క.

సరుకు కోసం ధర్మవరం పోయేటప్పుడు నన్నూ రైల్లో వెంట తీసుకుపోయేది. అక్కడ ఆమెను చూడగానే షాపులవాళ్లు ఒకరినొకరు చూసి నవ్వుకునేవారు. నూలు చీరను పిడికిట్లో నలిపి, విప్పి, వెలుతురుకు పట్టి, కొంగు చివర బుగ్గకు ఆనించుకుని చూసేది. తర్వాత మడిచి అక్కడే పెట్టి టీకి లేచేది. ఒకసారి ఓ షాపతను ఓపిక పట్టలేక అడిగేశాడు.

"ఏమక్కా, చీర కొంటాండావా, పెండ్లి సంబంధం చూస్తాండావా?"

"సంబంధం చెడితే పిల్ల పుట్టింటికన్నా వస్తాది. ఈ చీర చెడితే నువ్వు వాపసు తీసుకుంటావేమప్పా?"

చుట్టూ ఉన్నవాళ్లంతా గొల్లుమన్నారు. అతనూ నవ్వాడు. ఆమె ఆరోజు ఆ చీర కొనలేదు. నేను మాత్రం కొన్నాను. పక్క వరసలో జరీ దట్టంగా ఉన్న చీర ఒకటి కనిపించింది. ఎవరన్నా ముందే తీసేసుకుంటారేమోనన్న కంగారులో సరిగ్గా విప్పి కూడా చూడలేదు. ఇంటికి తెచ్చాక దాన్ని ఒక్క పెళ్లికి కట్టాను. జరీ మెడంతా గీసింది. ఆరోజు తిరుగు రైల్లో జైబక్క ఆ మూట వంకా నా వంకా మార్చి మార్చి చూసింది.

"ఏం మే వాణీ, నీకు చీర కావల్నా, కొన్న పూట వస్తాదే, ఆ నెమ్మది కావల్నా?"

నాకు చివుక్కుమంది. "నెమ్మదే కావాలనుకో. తప్పేముంది?"

"తప్పేం ల్యాదు. అది యాడ అమ్ముతారో చెప్పు, నేనూ వస్తా."

ఇద్దరం నవ్వుకున్నాం కానీ ఆ రాత్రి నాకు ఆ మాట నవ్వులా అనిపించలేదు. ఉద్యోగ ప్రకటన రాదేమో, నాయనకు ఒంట్లో బాగుండదేమో, పెళ్లయి పోయేచోట ఎలా ఉంటుందో అని నాలో ఎప్పుడూ ఒక ఉరుకు ఉండేది. ఏదన్నా కొన్నప్పుడు మాత్రం ఆ ఉరుకు కాసేపు కూర్చునేది. నా గురించి నాకే తెలియని సంగతి ఆమె ఒక్క చూపులో పట్టుకుంది.

తర్వాత పెళ్లయి హిందూపురం వచ్చాను. మా ఆయనది నూలు మిల్లులో ఉద్యోగం. కడుపుతో ఉన్నప్పుడు నా ఉరుకు పదింతలైంది. మా వైపు పుట్టబోయే బిడ్డకు ముందుగా గుడ్డలు కొనరు. పుట్టాక కూడా మొదట కొత్తవి వేయరు. ఇంట్లో పెద్దవాళ్లు కట్టి మెత్తబరిచిన పాత చీరనో పంచెనో చించి చుడతారు. నాకు ఇదంతా తెలుసు. అయినా భయం వేసినప్పుడల్లా బజారుకు పోయి ఒక చిన్న చొక్కానో, టోపీనో, లేసు గౌనునో తెచ్చి నా పెట్టెలో అడుగున దాచుకునేదాన్ని. బిడ్డకు అన్నీ సిద్ధంగా ఉంటే బిడ్డ క్షేమంగా వస్తుందని, ఎవరితోనూ అనలేని ఒక నమ్మకం.

పాప నెలలు నిండకముందే పుట్టింది. అరచేతిలో పట్టేంత ఉంది. అద్దాల పెట్టెలో పెట్టారు. బతుకుతుందో లేదో డాక్టరమ్మ కూడా గట్టిగా చెప్పలేదు. గుడ్డలు తెండని నర్సు అడిగితే, మా అత్త కంగారులో ఇంటికి పోయి నా పెట్టె తెరిచింది. ఆ మూటతో ఆస్పత్రికి వచ్చి మంచం మీద కుమ్మరించింది.

"ఏంది వాణీ ఇది? బిడ్డ కడుపులో ఉండంగనే గుడ్డలు కొంటారా ఎవరన్నా?"

ఆమె తిట్టలేదు. నిజంగానే భయపడింది. అదే నన్ను కుంగదీసింది. ఆ గౌన్లలో అన్నిటికన్నా చిన్నది కూడా పాపకు దుప్పటంత ఉంది. నావల్లే ఇలా అయిందని నాకు ఖాయమైపోయింది.

కబురు అంది, మరునాడు పొద్దునే పెనుకొండ నుంచి వచ్చే రైలు దిగి జైబక్క వచ్చింది. చంకలో ఒక మూట. తను ఏళ్ల తరబడి కట్టిన నీలం నూలు చీరను ఉడకబెట్టి, ఎండలో ఆరేసి, ఇస్త్రీ చేసి తెచ్చింది. సగం చీరను చిన్న చిన్న ముక్కలుగా చించింది, సగం అలాగే ఉంచింది. మంచం మీది కొత్త గౌన్లు చూసింది. నా ముఖం చూసింది. నేను ఏడుస్తూ చెప్పిందంతా విన్నది.

"ఓసి పిచ్చిదానా, గుడ్డలకు అంత బలం ఉంటే నా షాపు ఎప్పుడో బాగుపడేది కదే" అంది.

ఏడుపు మధ్యలో నాకు నవ్వొచ్చింది. గుమ్మం దగ్గర నిలబడిన మా అత్త కూడా కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. కొన్ని రోజులకు పాపను నా రొమ్ముకు ఆనించి పెట్టుకోమని, నా ఒంటి వేడి తగలాలని నర్సు చెప్పింది. ఉంచిన సగం చీరతో జైబక్కే పాపను నాకు కట్టింది. అంతగా ఉతికిన గుడ్డ ఒంటిమీద ఉన్నట్టే తెలియలేదు. పాప ఊపిరి మాత్రం తెలిసేది. అదే నాకు కష్టమైంది. ప్రతి ఊపిరికీ తర్వాతిది వస్తుందా రాదా అని చెవులు రిక్కించుకుని కూర్చునేదాన్ని. కళ్లు మూయడానికి భయం.

అది చూసి ఆమె సినిమా కథలు చెప్పడం మొదలుపెట్టింది. వీలైనప్పుడల్లా షాపు మూసి వచ్చేది. నా పక్కన స్టూలు వేసుకుని, పాటలతో సహా, ఫైటింగుల చప్పుళ్లతో సహా చెప్పేది. సరిగ్గా ఊపిరి బిగబట్టే చోట లేచి, "ఇంటర్వెల్. టీ తాగొస్తా" అనేది. వార్డులో పక్క మంచాలవాళ్లు కూడా "ఏమాయె అక్కా, ఆ పిల్లోడు దొరికినాడా?" అని అడిగేవాళ్లు. వాటిలో ఒక పాత సినిమా నాకు బాగా గుర్తు. వరదలో తల్లి చేతిలోంచి బిడ్డ జారిపోతుంది. అక్కడ ఇంటర్వెల్ ఇచ్చి ఆరోజుకు రైలెక్కింది. ఆమె మళ్లీ వచ్చేదాకా నాకు పాప ఊపిరితో పాటు ఆ బిడ్డ బెంగ కూడా తోడైంది. వచ్చాక మిగతా కథ చెప్పింది. ఏటికి దిగువ ఊరిలో చింతపండు అమ్మే ముసలామె బుట్టలో బిడ్డ దొరుకుతాడు. పెరుగుతాడు. సంతలో తల్లి అతని నవ్వును గుర్తుపడుతుంది. ఆ సంత సీను చెబుతుండగా నేను నిద్రపోయానట. పాప పుట్టాక అదే నా మొదటి నిద్ర అని మా అత్త ఇప్పటికీ చెబుతుంది.

పాప బతికింది. ఇంటికి వచ్చింది. బొద్దుగా తయారైంది. జైబక్క షాపులో కాసెట్లు పోయి సీడీలు వచ్చాయి. తర్వాత అవీ ఎవరికీ అక్కర్లేకపోయాయి. గుడ్డల వైపు మాత్రం నిలిచింది.

ఇంకా కాసెట్లు ఉన్న రోజుల్లోనే, పాపకు రెండో ఏడు నడుస్తుండగా ఒక ఆదివారం మధ్యాహ్నం టీవీలో ఆ పాత సినిమా వచ్చింది. అన్నం కలుపుకుంటున్న నేను అలాగే కూర్చుండిపోయాను. వరద వచ్చింది, బిడ్డ జారిపోయాడు. తర్వాత చింతపండు ముసలామె రాలేదు. బుట్ట లేదు, సంత లేదు. తల్లి ఊరూరా తిరిగి తిరిగి, చివరికి ఏటి ఒడ్డున కూర్చుని ఉండగానే శుభం పడింది. చేతిలో అన్నం ఎండిపోయింది. వెంటనే పక్కింటికి పోయి జైబక్కకు ఫోను చేశాను.

"అక్కా, ఆ సినిమాలో బిడ్డ దొరకడు కదా!"

అవతల ఆమె గొంతు సవరించుకుంది.

"యాడ చూసినావు?"

"టీవీలో."

"వాళ్లు కోసేసింటారు మే. అడ్వటైజుమెంట్లకు టైము సాలదు కదా. నా కాసెట్లో దొరికినాడు."

నేను ఫోను పట్టుకుని నవ్వుతూ ఏడ్చాను. ఆ షాపులో ఉన్న మూడేళ్లలో ఆ సినిమా కాసెట్టు గోడమీద నేనెప్పుడూ చూడలేదు. రెండోసారి చూడాలనిపించనిది షాపులోకే రానివ్వని మనిషి, తను ఏనాడో చూసి వదిలేసిన సినిమాను నాకోసం ముగింపు మార్చి మళ్లీ తీసిందన్నమాట. ఆ మాట ఆమెతో అనలేదు. పాప ఎలా ఉందని అడిగింది. బాగుందన్నాను. "ఇంగేం మరి" అని పెట్టేసింది.

పోయినేడు చక్కెర జబ్బు ముదిరి ఆమె పోయింది. ఆమె నేర్పిన నిదానం నాకు పూర్తిగా అబ్బలేదు. అబ్బి ఉంటే బీరువాలో ట్యాగు తీయని గౌను ఉండేది కాదు. కొన్నిసార్లు మాత్రం షాపులో గుడ్డను పిడికిట్లో నలిపి, నాకు కావలసింది ఇదేనా అని నన్ను నేనే అడిగి, ఖాళీ చేతులతో తిరిగి వస్తాను. దారంతా దడ నా వెంటే వస్తుంది. రానిస్తాను.

నిన్న పాపా నేనూ టీవీలో ఏదో సినిమా చూస్తున్నాం. జాతరలో ఒక చిన్నపిల్ల వాళ్లమ్మ చెయ్యి వదిలి జనంలో కలిసిపోయింది. పాప నా ఒళ్లోకి జరిగింది. "అమ్మా, దొరుకుతాదా?" అని అడిగింది. నేను ఆ సినిమా అంతకుముందు చూడలేదు.

"దొరుకుతాది" అన్నాను. పాప నమ్మి మళ్లీ తెరవైపు తిరిగింది. నేను ఊపిరి బిగబట్టి చూస్తూ, ఒకవేళ దొరక్కపోతే ఏం చెప్పాలో వెతుక్కుంటూ కూర్చున్నాను.