ఏమండీ అంటే ఎవరండీ

కొత్త యంత్రం ఏది వచ్చినా ముందు మా ఇంటికి రావాలి, ఊళ్లోకి తరవాత వెళ్లాలి. ఇది నా సిద్ధాంతం. మా ఆవిడ దీన్ని జబ్బు అంటుంది. నరసాపురంలో కాలవ పక్కన మాదొక చిన్న డాబా. నేను ప్రభుత్వ కార్యాలయంలో గుమాస్తాని, ఆవిడ ఇంట్లో కూర్చుని లేసు అల్లుతుంది. ఆ డాబాలోకి ఇప్పటిదాకా వచ్చిన వస్తువుల మీద నాకు కొన్ని గట్టి అభిప్రాయాలున్నాయి.

నేల తుడిచే రోబో మంచిదే. కాకపోతే లేసు దారం దానికి ఇష్టమైన తిండి అని తయారుచేసినవాళ్లకి తెలియదు. వచ్చిన రోజే మంచం కింద దూరి, ఆవిడ సగం అల్లిపెట్టిన బల్లగుడ్డని ఒక కొస నుంచి విప్పుకుంటూ వంటింటిదాకా వెళ్లిపోయింది. స్మార్ట్ వాచీ గుండె చప్పుడు లెక్కపెడుతుంది. పై అధికారి గదిలోకి నన్ను పిలిచినప్పుడల్లా 'మీ వ్యాయామం చక్కగా సాగుతోంది' అని మెచ్చుకుంటుంది. ఇక పొడుగాటి సందేశాల్ని కుదించి చెప్పే సాఫ్ట్‌వేర్ ఒకటుంది. మా బావమరిది పంపిన వాయిస్ మెసేజ్‌ని దానికి వినిపిస్తే, 'ఈయన క్షేమం. మీరంతా కులాసానా అని అడుగుతున్నారు' అని తేల్చేసింది. అసలు సంగతి, వాళ్లింట్లో పెట్టి వచ్చిన నా స్కూటరు మీద కొబ్బరిచెట్టు పడిందని. మా వైపు మర్యాదలన్నీ అయ్యాక చిట్టచివర అసలు కబురు చెబుతారని ఆ సాఫ్ట్‌వేర్‌కి ఎవరూ నేర్పలేదు.

ఇవన్నీ భరించిన మా ఆవిడ ఒక్కదానికి మాత్రం తనే ముచ్చటపడింది. నోటితో చెబితే ఫ్యాను వేసి, లైటు ఆపి, మోటారు కట్టే మాటల పెట్టె. అల్లిక మధ్యలో లేస్తే కుట్ల లెక్క తప్పిపోతుంది. సూది వదలకుండా పనులు జరుగుతాయంటే ఎవరికి చేదు? అయితే బజార్లో దొరికే పెట్టెలన్నిటికీ ఆడపేర్లు. ఆ పేరు పెట్టి పిలిస్తేనే పలుకుతాయి.

"నా ఇంట్లో ఇంకో ఆడమనిషి పేరు నా నోటితో పిలవాలా? నా వల్ల కాదండీ" అని తెగేసి చెప్పింది.

అది నాకు కావలసిన మాటే. విడిభాగాలు తెప్పించి, సాఫ్ట్‌వేర్ దింపుకుని, మనకి నచ్చిన పిలుపుకి పలికే పెట్టెని నేనే తయారుచేశాను. దానికి మగగొంతు పెట్టాను. మరి ఏమని పిలవాలి? నేను చెప్పిన పేర్లన్నీ ఆవిడ కొట్టిపారేసింది. చివరికి నాకే తట్టింది. రోజుకి వందసార్లు ఆవిడ నోట్లోంచి వచ్చే మాట ఒకటుంది కదా! నోటికి అలవాటు చెయ్యనక్కర్లేదు, మరిచిపోయే భయం లేదు.

"ఏమండీ."

ఇంజనీరింగ్ పరంగా దాన్ని మించిన ఎంపిక లేదని ఇప్పటికీ అంటాను.

ఇక్కడ ఒక సంగతి చెప్పాలి. మా ఆవిడ నా పేరు పలకదు. వాళ్లమ్మ వాళ్ల నాన్న పేరు పలకలేదు, వాళ్ల అమ్మమ్మా అంతే. మా పెళ్లి చర్చిలో జరిగింది. ప్రమాణం చేసేటప్పుడు పెళ్లికూతురు పెళ్లికొడుకు పేరు పైకి చెప్పి తీరాలి. ఆవిడ అన్ని మాటలూ చక్కగా చెప్పి, సరిగ్గా పేరు మాత్రం మింగేసింది. పాస్టరుగారు "కొంచెం గట్టిగా అమ్మా" అన్నారు. మళ్లీ మింగేసింది. భోజనాలు ఆలస్యమవుతున్నాయని ఆయన వినిపించినట్టే తలూపి ముందుకు నడిపించేశారు. చట్టం దృష్టిలో ఆవిడ ఎవరిని పెళ్లాడిందో నాకు అప్పుడప్పుడు అనుమానం వస్తుంటుంది.

పెట్టెకి పిలుపు నేర్పడానికి ఆవిడ గొంతు రికార్డు చెయ్యాలి. కోపంగా, మామూలుగా, వంటింట్లోంచి, పెరట్లోంచి, అన్ని రకాలుగానూ 'ఏమండీ' అనాలి. ఆవిడ ఎదురుగా కూర్చుని "ఏమండీ" అంటుంది, నేను అలవాటు కొద్దీ "ఆఁ" అంటాను, రికార్డింగ్ పాడవుతుంది. మళ్లీ "ఏమండీ", మళ్లీ "ఆఁ".

"మీరు పలక్కండి!" అని కసిరింది.

పళ్లు బిగపట్టుకుని కూర్చున్నాను. ఆ పూటంతా ఆవిడ నన్ను పిలుస్తూనే ఉంది, నేను పలక్కుండానే ఉన్నాను. పెట్టె తొందరగానే నేర్చుకుంది. నేనూ నేర్చుకుంటున్నానని అప్పుడు నాకు తెలియలేదు.

మర్నాటి నుంచి మా ఇల్లు ఇల్లులా లేదు. మా జిల్లాలో 'ఏమండీ' అనకుండా ఎవరూ నోరు తెరవరన్న సంగతి నా బుర్రకి తట్టనే లేదు. పెట్టె నేర్చుకున్నది మాటనే గానీ గొంతుని కాదు. పాలాయన "ఏమండీ, పాలండీ" అంటే లోపల్నుంచి "చెప్పండి" అని వినిపించేది. ఆయన గిన్నె కోసం చూస్తూ గుమ్మంలోనే నిలబడిపోయేవాడు. రొయ్యలమ్మే ఆవిడకీ పెట్టెకీ అయితే పెద్ద సంభాషణే నడిచింది.

"ఏమండీ, రొయ్యలు తీసుకుంటారా?"

"అర్థం కాలేదండి. మళ్లీ చెప్పండి."

"రొయ్యలండీ బాబూ, రొయ్యలు!"

"అర్థం కాలేదండి. మళ్లీ చెప్పండి."

రొయ్యలావిడ గొంతు చించుకుని చించుకుని, గంప నెత్తికెత్తుకుని, ఈ ఇంటాయనకి పాపం చెవులు పోయాయని వీధి చివరిదాకా చెప్పుకుంటూ వెళ్లింది. అప్పట్నుంచి ఎదురింటాయన నాతో చేతులు తిప్పుతూ మాట్లాడుతున్నాడు.

టీవీ సీరియల్లో కోడలు బట్టలు సర్దుకుని, "ఏమండీ, ఇంక నన్ను ఆపకండి!" అని భోరుమంది. మా పెట్టె "అలాగేనండి, ఆపను" అంది. అప్పుడు మోటారు నడుస్తోంది. ట్యాంకు నిండి, పొంగి, పక్కింటివాళ్ల వడియాల మీద పడింది. దాన్ని ఆపాలంటే నేను ఆ పెట్టెని "ఏమండీ" అని పిలవాలి. నాకు నోరు రాలేదు. పరుగెత్తుకెళ్లి స్విచ్చి కట్టేశాను.

అన్నిటికన్నా ఘనకార్యం మా ఇంట్లో పెట్టుకున్న ప్రార్థన కూటంలో జరిగింది. మా పాస్టరుగారికి మాట మాటకీ ఏమండీ అనడం అలవాటు. గదినిండా జనం. ఆయన మంచి ఊపు మీదున్నారు.

"ఏమండీ, మనం పిలిస్తే పలికేదెవరండీ?"

"చెప్పండి" అంది పెట్టె, అలమర మీద నుంచి.

అందరూ తలెత్తి చూశారు. ఆయన చెమట తుడుచుకుని, అయినా తగ్గకుండా, "ఏమండీ, మన చీకట్లో వెలుగు వేసేదెవరండీ?" అన్నారు.

"లైటు వేశానండి."

ట్యూబులైటు టపటపమని వెలిగింది. వెనక వరసలో ఒక పెద్దావిడ "స్తోత్రం!" అని చేతులెత్తేసింది. ఆ పూట కూటం చాలా బాగా జరిగిందని అందరూ అన్నారు.

ఇవన్నీ నవ్వులాటకి బాగానే ఉన్నాయి. నాకు మింగుడుపడనిది వేరే. ఆవిడకి ఆ పెట్టె మీద అభిమానం పెరిగిపోయింది. "ఒక్క పిలుపుకి పలికేది ఈ ఇంట్లో ఇదొక్కటేనండీ" అని వచ్చినవాళ్లందరికీ చెప్పేది. మొదట్లో పిలుపు వినగానే పెట్టెకంటే ముందు పలకాలని పందెం వేసుకున్నట్టు పరుగెత్తేవాణ్ణి. తీరా వెళితే ఆవిడ సూది మీంచి కళ్లెత్తకుండానే, "మిమ్మల్ని కాదండీ, దాన్ని" అనేది. ఒళ్లు మండిపోయేది. నా చేత్తో నేను అతికిన డబ్బా మీద నాకు అసూయ పుట్టింది. ఇది చెప్పుకోవడానికి సిగ్గుగానే ఉంది, కానీ నిజం.

కొన్నాళ్లకి పరుగెత్తడం మానేశాను. మరి నిజంగా నేనే కావలసి వస్తే? పిలవడానికి ఆవిడ దగ్గర ఇంకో మాట లేదు. పేరు పలకదు, పాత పిలుపు పెట్టెకిచ్చేసింది. అందుకని లేసు సూదితో స్టీలు గ్లాసు మీద కొట్టేది. టింగ్ అంటే నేను రావాలి. వచ్చేవాణ్ణి. ఆఫీసులో టీ ఇచ్చే ఆయన గ్లాసులు కడుగుతుంటే కుర్చీలోంచి లేచి నిలబడేదాకా వచ్చింది నా పరిస్థితి. వాచీ మాత్రం 'మీరు తరచుగా లేచి నిలబడుతున్నారు, భేష్' అంది.

అలా ఉండగా మా మరదలి ఇంట్లో బాప్తిస్మం వేడుకకి అవతలి ఒడ్డుకి వెళ్లాల్సి వచ్చింది. మా రేవులో గోదావరి దాటించే పెద్ద పడవని పంటు అంటాం. మనుషులూ బళ్లూ అన్నీ అందులోనే. ఆవిడ కూర్చోడానికి చోటు దొరకదని ముందే ఎక్కేసింది. నేను రేవులోనే నిలబడి, కొత్త ఫోన్లో జూమ్ ఎంత దూరం పోతుందో చూస్తున్నాను. అవతలి ఒడ్డున ఎవరో అరటిపండు తొక్క తీస్తున్నారు. అది స్పష్టంగా కనిపిస్తోంది. అద్భుతమైన కెమెరా.

తాడు విప్పారు. అప్పుడు వినపడింది.

"ఏమండీ!"

వినపడలేదని అబద్ధం చెప్పను. శుభ్రంగా వినపడింది. ఆవిడ గొంతే. నేను ఫోన్లోంచి కళ్లెత్తలేదు. ఎందుకంటే ఆ పిలుపు నాకు కాదు కదా. పైగా, నిండు గోదావరి ఒడ్డున నిలబడి, పెట్టె "చెప్పండి" అంటుందని ఒక క్షణం ఎదురు చూశాను కూడా.

పెట్టె పలకలేదు గానీ తక్కిన రేవంతా పలికింది. టిక్కెట్లిచ్చే ఆయన "ఆయ్, చెప్పండమ్మా" అన్నాడు. కొబ్బరికాయల వ్యాను డ్రైవరు "నన్నేనాండీ?" అన్నాడు. సోడాలమ్మే ఆయన, గొడుగు కింద కూర్చున్న పెద్దాయన, స్కూటరు మీద కూర్చున్న మాస్టారు, అందరూ తిరిగి చూశారు. తిరగనిది నేనొక్కణ్ణే. పంటు ఒడ్డు వదిలింది. "ఏమండీ! ఏమండీ!" అని ఆవిడ ఇంకా పిలుస్తోంది. కొట్టడానికి స్టీలు గ్లాసు లేదు. మధ్యలో నీళ్లు పెరుగుతున్నాయి.

అప్పుడు మా ఆవిడ నా పేరు పెట్టి పిలిచింది.

ఇంటిపేరుతో మొదలుపెట్టి, మా తాత పేరు కలిసిన బారెడు పేరంతా, ఒక్క అక్షరం మింగకుండా, చివర 'గారూ' తగిలించి, రేవు అదిరిపోయేలా అరిచింది. పెళ్లిలో పాస్టరుగారు అడిగినంత గట్టిగానూ, అంతకంటే చాలా గట్టిగానూ.

ఫోను చేతిలోంచి జారి ఇసకలో పడింది. నా పేరు ఆవిడ గొంతులో అలా ఉంటుందని నాకు తెలియదు. ఆవిడ రెండు చేతులతో నోరు మూసుకుని నిలబడింది. పంటు ఆవిణ్ణి అలాగే తీసుకుపోయింది. సోడాలాయన "మీరేనాండీ ఆ పేరుగలాయన?" అని అడిగాడు. "నేనేనండి" అన్నాను. ఆ మాట అనడం ఎంత సంతోషంగా ఉందో చెప్పలేను.

తరవాతి పంటులో అవతలి ఒడ్డుకి వెళ్లేసరికి ఆవిడ బల్ల మీద కూర్చుని ఉంది. కళ్లు ఎర్రగా ఉన్నాయి.

"వినపడలేదా?"

"వినపడింది."

"మరి?"

"దాన్నేమో అనుకున్నాను."

కాసేపు నన్ను చూసింది, కాసేపు గోదావరిని చూసింది. పైటకొంగు నోట్లో కుక్కుకుని నవ్వింది. నవ్వుతూనే ఏడ్చింది.

"నా పిలుపు నాకిచ్చేయండి. దానికింకేదన్నా పెట్టుకోండి."

"ఏం పెట్టను? ఏం చెప్పినా నీకు నచ్చదు."

"ఇంక దాచేదేముంది, ఊరంతా వినేసిందిగా! మీ పేరే పెట్టేయండి."

ఇంటికొచ్చాక మళ్లీ రికార్డింగుకి కూర్చున్నాం. రేవులో అంత అరుపు అరిచిన మనిషి, పెట్టె ముందు నా పేరు పెదవుల చివర గొణిగింది. తెర మీద 'కొంచెం గట్టిగా చెప్పండి' అని వచ్చింది. ఇద్దరం ఒకరి మొహం ఒకరు చూసుకున్నాం. పెట్టె మాత్రం పాస్టరుగారిలా వదిలిపెట్టలేదు. వినపడేదాకా చెప్పించింది.

ఇప్పుడు నన్ను ఏమండీ అంటుంది, ఒక్క పిలుపుకి పలుకుతున్నాను. పెట్టెని నా పేరుతో పిలుస్తుంది. అది యంత్రం కాబట్టి దానికి మర్యాదలేం అక్కర్లేదని, పొద్దస్తమానం నా పేరు పెట్టి "ఫ్యాను వెయ్యి, మోటారు కట్టు, నోరు ముయ్యి" అంటోంది. కొంచెం ఎక్కువగానే ఆనందిస్తోందని నా అనుమానం.

మొన్న మధ్యాహ్నం ఎండ మండిపోతోంది. ఆవిడ అల్లిక మీంచి తలెత్తకుండా నా పేరు పిలిచి, "ఫ్యాను వెయ్యి" అంది. పెట్టె పలకలేదు. కరెంటు పోయింది. పక్కగదిలోంచి నేను వచ్చి నిలబడి, "చెప్పండి" అన్నాను.

తలెత్తి చూసింది. పెట్టెని చూసింది, తిరగని ఫ్యానుని చూసింది, నన్ను చూసింది. అప్పుడు మెల్లిగా, మళ్లీ నా పేరు పెట్టి పిలిచింది. ఈసారి గారు లేదు.

"విసురు" అంది.

తాటాకు విసనకర్ర తీసుకుని పక్కన కూర్చున్నాను.