వదిన పవర్ పెంచనివ్వలేదు

మా వదిన, అంటే మా వారి అక్క, పోయిన ఆదివారం ప్రభువునందు నిద్రించింది. చిలకలూరిపేటలో ఆమె దగ్గర సైన్సు చదివినవారికి ఈ కబురు ఈపాటికే అంది ఉంటుంది. సొంత వైర్‌లెస్ సెట్టుతో దూరపు ఊళ్ళవారితో మాట్లాడే ఆమె హామ్ రేడియో వ్యాపకం తెలిసినవారు తక్కువ. నేను చూసినదే రాస్తాను, కలిపి రాయను.

పత్తి జిన్నింగ్ మిల్లు నీళ్ళ ట్యాంకు మీద ఏరియల్, కింద గదిలో రిపీటరు ఉండేవి. దూరం నుంచి వచ్చిన సన్నటి మాటను విని, అప్పటికప్పుడు బలంగా తిరిగి పలికే యంత్రమది. గదిలోకి వెళ్ళేముందు వదిన చీరకు అంటుకున్న దూదిపోగులు ఏరి పారేసేది. లోపల నా గాజులు కదిలినా ఒప్పుకునేది కాదు. ఎదుటివారి మాట పూర్తిగా విని జవాబివ్వడం నేను అక్కడే నేర్చుకున్నాను. అందుకు ఆమెకు రుణపడి ఉన్నాను.

ఆమె నడిపిన హామ్ రేడియో క్లబ్బు కోశాధికారి పోరు పెట్టేవాడు. "పవర్ పెంచుదాం మేడమ్. ఒంగోలు దాకా మోగిపోవాలి."

"మోగడానికి ఇదేమన్నా పెళ్ళి మైకా? ఒంగోల్లో ఎవరన్నా దగ్గితే నాకు వినపడాలయ్యా. మన కేకే మన చెవి మూసేస్తుంది," అనేది వదిన.

పెద్ద తుఫాను వచ్చిన సంవత్సరం ట్రంకు కాల్ లైన్లన్నీ తెగిపోయాయి. తీరంలోని ఒక పల్లెలో వదిన పాత విద్యార్థి దగ్గర చిన్న సెట్టు ఉంది. అతని సెట్టు సిగ్నల్ అందగానే, దాన్ని తిరిగి పలుకుతూ మా ట్రాన్స్‌మిటరు మోగేది. ఆ జోరుకు పక్కనే ఉన్న రిసీవరుకు చెవుడొచ్చి మాట తెగిపోయేది. కోశాధికారి గుమ్మంలో నిలబడి పవర్ పెంచమన్నాడు. వదిన సగానికి తగ్గించింది. మళ్ళీ సగానికి తగ్గించింది. అప్పుడు మా ముగ్గురికీ ఒక ఆడగొంతు వినపడింది. పల్లె పేరు చెప్పి, "గుడి వెనక ఉన్నామమ్మా. నీళ్ళొచ్చేస్తున్నాయి," అంది.

కోశాధికారి పోలీసు వైర్‌లెస్‌కి పరిగెత్తాడు. పడవలు వెళ్ళాయి. గుడి కప్పు మీదున్నవాళ్ళు బతికారు.

ఆ విద్యార్థి తర్వాత ఇంటికొచ్చాడు. "నేనేం మాట్లాడలేదు టీచర్. చలికి నోరు కదల్లేదు. మీట నొక్కి పట్టుకున్నానంతే. గుడి కప్పు మీదున్నది అంతా మగాళ్ళమే."

"గుడి వెనక?"

"వెతికాం టీచర్. నీళ్ళే."

వదిన అతనికి కాఫీ ఇవ్వడం కూడా మరిచిపోయింది. "ఆ గాలికి నీకు వినపడి ఉండదు. మైకుకు వినపడింది," అంది. తర్వాత బతికినన్నాళ్ళూ పవర్ పెంచనివ్వలేదు. "ఆమె మళ్ళీ పిలిస్తే?" అనేది.

సమాధి కార్యక్రమం అయ్యాక కోశాధికారి గది తాళంచెవి అడిగాడు. నేను కూడా వెళ్ళాను. "ఇప్పుడైనా పెంచుకోవచ్చు కదండీ అమ్మగారూ," అంటూ పవర్ నాబ్ మీద చెయ్యి వేశాడు. అంతలో రిసీవరు మీద, ఎవరైనా పిలిస్తేనే కదిలే సిగ్నల్ ముల్లు లేచింది. మాట లేదు.

"ఎవరండీ?" అన్నాడు, మైకు పట్టుకోకుండానే. చెయ్యి వెనక్కి తీసుకున్నాడు.

ముల్లు సగం దాకా లేచి, పడిపోకుండా, సన్నగా వణుకుతూ ఉంది.