మా కొట్టు కోణంగి

మా తమ్ముడికి వచ్చిన మంచి సంబంధం చెడగొట్టిన ఘనత పూర్తిగా నాదే. అందులో ఎవరికీ వాటా లేదు. మొన్న పెళ్ళిపందిట్లో అందరినీ నవ్విస్తున్న పెళ్ళికొడుకుని చూసి మా మనవరాలు "భలే జోకర్ తాతయ్యా" అని మెచ్చుకుంటే ఆ ఘనకార్యం గుర్తొచ్చింది. మా రోజుల్లో అలాంటివాణ్ణి కోణంగి అనేవాళ్ళం. అది మెచ్చుకోలా, తిట్టా అంటే ఇప్పటికీ తూచలేను. కుదురులేని పిల్లాడూ కోణంగే, వీధిభాగవతంలో గంతులేసేవాడూ కోణంగే. ఆడమనిషి "పోరా కోణంగీ" అంటూ మూతికి కొంగు అడ్డం పెట్టుకుందంటే మాత్రం, నవ్వాపుకుంటోందన్నమాట.

నరసరావుపేటలో మా బట్టలకొట్టుకు తమ్ముడే కోణంగి. యుద్ధం రోజులు, సర్కారు లెక్కకట్టి ఇచ్చే కంట్రోలు గుడ్డ తప్ప మంచి చీర దొరకదు. అయినా ఆడవాళ్ళంతా మా అరుగే ఎక్కేవాళ్ళు. గోనెసంచిలాంటి ముతక చీర భుజాన వేసుకుని వాడు, "పిన్నీ, ఇది కట్టుకుని చేలో తిరుగు, తుమ్మముల్లే విరుగుద్ది" అనేవాడు. ఆమె నవ్వి, తిట్టి, కొనుక్కుపోయేది.

అప్పుడొచ్చింది కారంపూడి సంబంధం. పిల్లనిచ్చేవాళ్ళు ముందుగా ఎవరో తెలియనివ్వకుండా, కొనేవాళ్ళలా కొట్లోకి వచ్చి పిల్లాణ్ణి చూసిపోవడం మా వ్యాపారస్తుల్లో అలవాటు. పిల్ల తండ్రి సంతరోజున వస్తాడని మధ్యవర్తి నాకు ఉప్పందించాడు. తమ్ముడు ఆ పిల్లను ఏదో పెళ్ళిలో చూసి ఉన్నాడు. "అన్నా, ఈ ఒక్కటీ కుదిర్చిపెట్టు" అన్నాడు. వాడు నవ్వకుండా మాట్లాడటం నేను మొదటిసారి అప్పుడే విన్నాను.

చీర మంచి మడత పైకి పెట్టి చూపిస్తాం కదా, వాణ్ణీ అలాగే చూపిద్దామనుకున్నా. "ఇయ్యాల నోరు తెరవబాక. పెద్దమనిషిలా కూచో" అన్నాను.

పిల్ల తండ్రి వచ్చి దుప్పటి అడిగాడు. తమ్ముడు పరిచాడు.

"గట్టిదేనా?"

"గట్టిదే."

పక్కనున్న ముసలమ్మ, "ఏందిరా కోణంగీ, జొరమా?" అంది. వాడు నావంక చూసి తలొంచుకున్నాడు. పెద్దాయన దుప్పటి పక్కకి నెట్టి వెళ్ళిపోయాడు.

మర్నాడు మధ్యవర్తి వచ్చాడు. "వాళ్ళింట్లో అందరూ మూతులు బిగించుకునేవాళ్ళేనయ్యా. పిల్లన్నా నవ్వే ఇంటికి పోవాలని, కోణంగి ఉన్నాడంటే వెతుక్కుంటా వచ్చాడు. మీవాడికంటే మావాళ్ళే చానా నయమన్నాడు" అన్నాడు.

కారంపూడి వెళ్ళి, వాణ్ణి నేనే నోరు మూసుకోమన్నానని చెప్పి, నా బేరం తెలివంతా ఒలకబోశాను. పెద్దాయన మజ్జిగిచ్చి సాగనంపాడు. "అన్న చెబితే మూసుకున్న నోరు, రేపు పెళ్ళాం కోసం తెరుస్తాడా?" అన్నాడు.

తమ్ముడికి వేరే సంబంధం చేశాం. మంచి ఇల్లాలే వచ్చింది. నన్ను వాడు పల్లెత్తు మాట అనలేదు. కొట్లో మాత్రం చీర పరిచి ఊరుకునేవాడు. "ఏదన్నా అనరా" అని నేనే బతిమాలితే, "ఏం అనమంటావన్నా?" అనేవాడు. పోయింది ఒక సంబంధమేననుకున్నాను చానా కాలం. ఒక్కపూటకని నేను అడిగి పుచ్చుకున్న మౌనాన్ని, కాలం వాడి దగ్గర జన్మంతా వసూలు చేసుకుంది.