ఎగువ ఇంటి మురుగు, దిగువ ఇంటి నుయ్యి

1998 ఆగస్టు 9, ఆదివారం, ఉదయం ఆరు గంటల పది నిమిషాలు. వార్చిన గంజి వాసన తగలగానే మా అమ్మాయి సుజాత పెరట్లోకి పరుగెత్తి వాంతి చేసుకుంది. ఎనిమిదో నెల గర్భిణి. తొలి కాన్పుకని విజయనగరం నుంచి అరకులోయలోని మా ఇంటికి వచ్చి అయిదు వారాలైంది. ముఖం కడుక్కుని తలెత్తితే కళ్లలోని తెలుపు పసుపురంగుకు తిరిగి ఉంది.

ఇక్కడి ఆసుపత్రిలో డాక్టరుగారు టార్చి వేసి చూశారు. "జాండిస్. టీచర్‌గారూ, పసరు మందంటూ ఎక్కడికీ తిప్పకండి. ఈ రోజే విశాఖ తీసుకెళ్లండి" అన్నారు. మధ్యాహ్నం జీపులో ఘాటు దిగాం.

విశాఖలో మొదటి పరీక్షకు, ఒకటి దగ్గర ఉండాల్సిన బిలిరుబిన్ పద్నాలుగు. మూడో రోజుకు పంతొమ్మిది. రక్తం గడ్డకట్టడానికి పట్టే ప్రోత్రాంబిన్ టైమ్ కూడా పెరిగింది. "ఇది హెపటైటిస్ ఇ. నీళ్ల వల్ల వస్తుంది. మామూలు మనుషులకు రెస్ట్‌తో తగ్గిపోతుంది. ప్రెగ్నెన్సీలో మాత్రం లివర్ ఫెయిల్యూర్ దాకా వెళ్లొచ్చు" అని పెద్ద డాక్టరుగారు చెప్పారు. నేను విన్నదంతా రాసుకున్నాను. రాస్తూ ఉంటే చేతికి పని ఉంటుంది.

14వ తేదీన సుజాత నన్ను గుర్తుపట్టలేదు. లివర్ దెబ్బ మెదడుకు తగిలింది, ఎన్‌కెఫలోపతి అన్నారు. ఐసీయూకి మార్చారు. 16న నొప్పులు వచ్చాయి. మగపిల్లవాడు. ప్రాణం లేదు. ఆపైన రక్తస్రావం ఆగక రెండు రోజులు ప్లాస్మా ఎక్కించారు. 21న కళ్లు తెరిచి, "అమ్మా, పిల్లడేడీ?" అని అడిగింది. నేను చెయ్యి పట్టుకున్నాను. దానికి అర్థమైంది.

సెప్టెంబరు 3న డిశ్చార్జ్ చేస్తూ పెద్ద డాక్టరుగారు అడిగారు.

"ఏ నీళ్లు తాగుతారమ్మా?"

"మా నూతి నీళ్లేనండీ."

"ఆ నూతికి ఎగువన ఏముంది?"

జవాబు నాకు తెలుసు. అంతవరకు ఆ ప్రశ్న నేను వేసుకోలేదు. సుజాత మెట్టినింటికే వెళ్లిపోయింది. "ఆ నూతి నీళ్లు తాగినంతకాలం ఆ గుమ్మం ఎక్కనమ్మా. ఇంకో బిడ్డ మాట కూడా ఎత్తకండి" అంది.

మా వరుసలో నాలుగిళ్లు, పడమర నుంచి తూర్పుకు దిగే వాలు మీద. మాది పై నుంచి రెండోది. అందరం మైదానం నుంచి మేస్త్రీలను పిలిపించి, మైదానపు వాస్తు ప్రకారమే కట్టుకున్నాం. సెప్టిక్ ట్యాంకు వాయవ్యంలో, నుయ్యి తవ్వితే ఈశాన్యంలో. కింద పల్లెల్లో నేల సమంగా ఉంటుంది కాబట్టి చెల్లిపోయింది. ఇక్కడ మాత్రం ప్రతి ట్యాంకూ తూర్పున ఉన్న ప్రతి నూతికీ పైనే ఉంది. పగుళ్లిచ్చిన ఆ ట్యాంకులు వానాకాలమంతా నేలలోకి ఊరుతూనే ఉండేవి.

నేను అర్జీ పెడితే 1999 జనవరిలో పంచాయతీ ఇంజనీరు వచ్చి చూశాడు. మురుగు పోయే పెద్ద గొట్టం పంచాయతీ వేస్తుంది. ఇంటి కనెక్షన్ ఖర్చు మాది, ఇంటికి ఆరు వేలు. నాలుగిళ్లూ కలిసి ముందే జమ కడితేనే పని మొదలు. మూడిళ్లు కట్టినా లాభం లేదు. పై ఇల్లు కారుతుంటే కింది నుయ్యి బాగుపడదు.

పై ఇల్లు కిరాణా సత్యంగారిది. ఆయనకు నుయ్యి లేదు, కొండ ఊట నుంచి గొట్టం వేసుకున్నారు. ఆయన్ని ఒప్పించడానికి ఆయన కొట్టు అరుగు మీదే కూర్చున్నాం. ఆ రోజు సుజాత కూడా వచ్చింది. మా ఇంట్లో అడుగు పెట్టకుండా తిన్నగా అరుగు దగ్గరికే వచ్చింది.

"ఏటి టీచరమ్మా, మా ఇంట్లో ఎవులికీ రోగం రాలేదు. నానెందుకు కట్టాల?" అన్నారు సత్యంగారు. "పైగా ఆ గొట్టం ఈశాన్యంలోంచి పోతాదంట. ఈశాన్యంలో మురుగెడితే ఇల్లు నిలుత్తాదా?"

నాలుగో ఇంటి సుకిరి హాస్టల్లో ఆయా, ఇక్కడి కొండ ఊరి మనిషి. ఆమె నవ్వేసింది. "సెట్టిగారి దేవుడికి దిక్కులన్నీ తెలుసు గానీ పల్లం తెలవదు."

సుజాత నవ్వలేదు. "బాబాయ్, వేసవిలో మీ ఊట సన్నబడితే మీ కోడలు బిందెట్టుకుని ఏ నూతికొస్తాదో ఎప్పుడైనా సూసేరా?" అంది.

లోపల గిన్నెలు తోముతున్న చప్పుడు ఆగింది. ఆయన కోడలికి అప్పుడు అయిదో నెల. సత్యంగారు త్రాసు పళ్లెం తుడిచి పక్కన పెట్టారు. "కడతాను. ఈశాన్యం మాత్రం ముట్టకండి" అన్నారు.

ముట్టలేదు. గొట్టాన్ని ఇల్లు చుట్టి దక్షిణాన వీధిలోకి తిప్పేలా ప్లాను మార్పించాం. అందుకు ఇంటికి మరో పదిహేను వందలు. నాలుగిళ్లకు ముప్పై వేలు. నెలకు ఇంటికి అయిదు వందల చొప్పున పదిహేను నెలల చీటీ వేసుకున్నాం. ఈలోగా సత్యంగారు తన కోడలిని కాన్పుకు రాజాంలోని పుట్టింటికి పంపారు.

డిసెంబరులో మూడో ఇంటివారికి బదిలీ అయింది. చీటీ ఆగిపోతుందని భయపడ్డాను. మిగిలిన వాటా సత్యంగారే వేశారు. ఎందుకని అడిగితే, "ఎయ్యకపోతే మీ సుజాత గుంట మళ్లీ వచ్చి నిలదీత్తాది. బేగి కానిచ్చేద్దురూ!" అన్నారు.

2000 ఏప్రిల్‌లో జమ కట్టాం, గొట్టం పడ్డాక జూన్‌లో ట్యాంకులు పూడ్చాం. నూతి నీటిని మూడుసార్లు పరీక్షకు పంపాను. రెండుసార్లు బాగాలేదని వచ్చింది. మూడోది 2001 నవంబరులో బాగుందని వచ్చింది. అయినా కాచే తాగుతున్నాం. ఆ కాగితం చూశాక సుజాత గుమ్మం ఎక్కింది. మరుసటి ఏడు పురిటికి ఇక్కడికే వచ్చింది.

ఇది 2004. నేను చెప్పదలిచింది ఒక్కటే. గర్భిణి ఉన్న ఇంట్లో, తాగే నూతికి ఎగువన ఏముందో వాలు వెంట నడిచి చూడండి. దిక్సూచితో చూడకండి.

పోయినవి: ఒక మనవడు, పేరు పెట్టలేదు. నా నాలుగు తులాల గొలుసు, ఆసుపత్రి ఖర్చుకు. కూతురు గుమ్మం ఎక్కని మూడేళ్ల పైచిలుకు.

మిగిలినవి: సుజాత. రెండేళ్ల మనవరాలు.