అంబలివారి ఇంటిపేరు

మా ఇంటిపేరు అంబలి. ఆ పేరు ఎక్కడిదో నాకు మొదట చెప్పింది మావారి పెద్దమ్మ, నరసమ్మగారు. విన్న నాటి నుంచి కాదు, విని దాచిన నాటి నుంచి నా గుండెల మీద బరువు. ఏళ్ళు గడిచినా దించుకోలేకపోయాను.

అమెరికాలో, ఎడిసన్‌లోని మా వంటగదిలో చిక్కుడుకాయల ఈనెలు తీస్తూ చెప్పారావిడ. కరువులో దారిన పోయేవాళ్ళకి అంబలి పోసిన ఒక ఒంటరి ఆడమనిషి, ఎవరి బిడ్డో, ఏ కులమో తెలియని పసివాణ్ణి చేరదీసిందట. మా వంశానికి ఆ పసివాడే మొదలు. చెబుతూ ఆవిడ చేతులు జోడించారు. నేనూ జోడించాను. కానీ లోపల భయం. అప్పుడు మా అమ్మాయికి సంబంధం చూస్తున్నాం.

పార్సిప్పనీ నుంచి పెళ్ళికొడుకు తల్లిదండ్రులు వచ్చారు. కాఫీ తాగుతూ పెళ్ళికొడుకు తల్లి అడిగింది.

"వదినగారూ, అంబలి అంటే ఏ ఊరి పేరండీ?"

"అంబలిపాడని ఉందండీ. మావాళ్ళక్కడ మునసబులు." అప్పటికప్పుడు పుట్టించిన ఊరు.

"ఊరేంటే పిచ్చిదానా!" పక్కనే కూర్చున్న మా పెద్దత్తయ్య నరసమ్మగారు నవ్వారు. "దారిలో దొరికిన పిల్లాడికి అంబలి పోసి..."

"ఆవిడకి డిమెన్షియా అండీ. ఏవేవో కలిపేస్తారు," అన్నాను.

"మా అమ్మా అంతే! మా అబ్బాయెప్పుడొస్తాడని నన్నే అడిగేది," అని పెళ్ళికొడుకు తండ్రి నవ్వాడు.

పెద్దత్తయ్య నన్ను చూశారు. తల దించుకున్నారు. "అవునమ్మా, ఏదీ గుర్తుండి చావదు," అన్నారు.

సంబంధం కుదిరింది. దేవుడికి దండం పెట్టుకున్నాను. ఏ ముఖంతో? నేను బడికి పోలేదు, ఇంట్లో నాన్న దగ్గరే చదువుకున్నాను. అన్నం పెట్టినవాళ్ళను మరవొద్దని దిద్దించిన ఆయన కూతురినే, మా వంశానికి తిండి పెట్టిన తల్లిని దాచి, ఆమెను తలుచుకున్న మనిషికి మతి లేదన్నాను. పిల్ల పెళ్ళి కోసమా? నా సిగ్గు కోసమా? ఇప్పటికీ తేల్చుకోలేను.

ఆ తర్వాత ఇంట్లో అందరూ నా మాటే నమ్మారు. పెద్దత్తయ్యను స్టవ్ దగ్గరికి రానివ్వలేదు. అమ్మాయి వచ్చినప్పుడల్లా, "మామ్మా, నేనెవరో చెప్పు?" అని గట్టిగా అరిచి అడిగేది. ఆవిడ ఒక్కసారీ నన్ను బయటపెట్టలేదు. పోయేదాకా, ఆ పిల్ల కాపురం కోసం, మతి లేనిదానిలా బతికారు.

నిన్న అమ్మాయికి ఫోన్‌లో అంతా చెప్పేశాను.

"మామ్మ నార్మల్‌గానే ఉందా అమ్మా? నేను బేబీతో మాట్లాడినట్టు మాట్లాడానే!" అంది. ఫోన్ పెట్టేసింది. మళ్ళీ చేయలేదు.

క్షమించమని ఎవరినీ అడగను. చెప్పగలిగాను, అదే చాలు. మీరు మాత్రం నరసమ్మగారిని ఒక్కసారి తలుచుకోండి. చివరి రోజు వరకూ ఆవిడకు అన్నీ గుర్తున్నాయి.