కెన్నీ వాళ్లమ్మ పూలకుండీ

ఈస్టర్ వచ్చిందంటే అమెరికాలో, నోవైలోని మా తెలుగు చర్చిలో వేదిక పూలకొట్టులా అయిపోతుంది. పోయినవాళ్ల జ్ఞాపకార్థం ఇంటికో పూలకుండీ తెచ్చి పెట్టడం మా ఆనవాయితీ. పాస్టర్ గారు పేరుపేరునా చదివి ప్రార్థన చేస్తారు. వారం తిరిగేసరికి పూలు వాడిపోతాయి, అంత భక్తిగా తెచ్చిన కుండీలన్నీ చెత్తడబ్బాలోకి పోతాయి. అది చూస్తే విమలకుమారి గారికి ఒళ్లు మండిపోతుంది. ఆవిడ ఆస్పత్రిలో నర్సుగా చేసి రిటైరయ్యారు. దేన్నీ అంత తొందరగా పోయిందని ఒప్పుకోరు.

కిందటేడు ఈస్టర్ అయిన మరుసటి ఆదివారం కెన్నీ తన డాఫడిల్ కుండీని పారేయబోతుంటే ఆవిడ అడ్డం నిలబడ్డారు. కెన్నీ సాఫ్ట్‌వేర్ కుర్రాడు. ఆ చలికాలం నర్సాపురంలో వాళ్లమ్మ పోతే, వీసా చిక్కుల్లో పడి వెళ్లలేక, భూస్థాపన ఫోన్‌లో చూశాడు. ఆ కుండీ ఆమె పేరున పెట్టిందే.

“ఎండిపోయింది కదా ఆంటీ,” అన్నాడు.

“పువ్వు ఎండింది. ఆకులు పచ్చగానే ఉన్నాయిగా! అవి ఉన్నన్నాళ్లూ మట్టిలో దుంప అన్నం తింటుంది. ఇలా ఇవ్వు.”

“మళ్లీ పూస్తుందా?”

“కడుపునిండా తింటే పూస్తుంది.”

ఇంటికి తెచ్చి, ఎండిన పూలు తుంచేసి, కుండీని ఎండ తగిలే మెట్టు మీద పెట్టారు. ఆకులు పసుపుబారి వాలిపోతుంటే ఆవిడ భర్త అబ్రహాం గారికి చెయ్యి దురద. “కట్ చేసేస్తా విమలా, చూడ్డానికి దరిద్రంగా ఉంది,” అని ఆయన రోజూ అడగడం, ఆవిడ కసరడం. పూర్తిగా ఎండాకే ఆకులు లాగేసి, అచ్చం ఉల్లిపాయల్లా ఉండే దుంపలు తవ్వి ఆరబెట్టి, ఉల్లిపాయలొచ్చిన వలసంచీలో వేసి గరాజ్‌లో వేలాడదీశారు.

అక్కడే తప్పు జరిగింది. పక్కనే వేలాడేది వంటకి వాడే ఉల్లిపాయల సంచీ. ఓ శనివారం అబ్రహాం గారు చర్చి భోజనాలకి చేపల పులుసు పెడతానని బయల్దేరారు. విమలకుమారి గారు వంటింట్లోకి వచ్చేసరికి ఓ దుంప రెండు ముక్కలై కూరలు తరిగే పలక మీద ఉంది.

“ఏమండీ, ఆపండి! అది కెన్నీ వాళ్లమ్మ!”

ఆయన చేతిలోంచి కత్తి జారిపోయింది. పైగా ఆ దుంపలు విషమట, మా చర్చి మొత్తం బతికిపోయింది. పాపం, ఆ పూట ఆయన సరిగ్గా భోంచేయలేదు.

మిగిలిన దుంపల్ని అక్టోబరులో ఆవిడ కెన్నీని పిలిచి చర్చి గుమ్మం పక్కన పాతించారు. మంచు పడింది, కరిగింది. ఈ ఏడు ఈస్టర్‌కి ఆకులొచ్చాయి గానీ ఒక్క మొగ్గ లేదు. తన మొక్క గుమ్మం దగ్గరే ఉందని కెన్నీ కొత్త కుండీ కొనలేదు. అందరి పూలూ వేదిక మీద ఉంటే తల వంచుకుని కూర్చున్నాడు. మా అందరికీ బాధేసింది. విమలకుమారి గారు మాత్రం “ఇంకా చలి పోలేదుగా” అన్నారంతే.

రెండు వారాలకి ఒక్కటంటే ఒక్కటి పూసింది. కెన్నీ దాని పక్కన చతికిలబడి ఏడ్చాడు, తర్వాత నవ్వాడు, నర్సాపురంలో నాన్నకి వీడియో కాల్ చేసి చూపించాడు.

పువ్వు వాడాక తనే తుంచాడు. మే నెలలో అబ్రహాం గారు గడ్డి కోసే మిషన్ తోసుకుంటూ చర్చి గుమ్మం దాకా వచ్చేసరికి పరిగెత్తుకొచ్చి అడ్డంగా నిలబడ్డాడు.

“అంకుల్, ఆకుల జోలికి రావద్దు. అమ్మ ఇంకా అన్నం తింటోంది.”