రౌతమ్మ షరతు

బారసాలనాడు పెట్టిన పేరుతో పిలిస్తే ఆవిడ ఒక్కోసారి వెనక్కి తిరిగి కూడా చూడదు. గుర్రపుస్వారీ నేర్పే ఆ మైదానంలో అందరికీ ఆవిడ రౌతమ్మే. ఆ పేరు పెట్టింది వాళ్ళ నాన్న. గుర్రాలను మచ్చిక చేయడంలో చుట్టుపక్కల ఆయన్ని మించినవాడు లేడని పేరు. అందరూ ఆయన్ని పెద్ద రౌతు అనేవారు. కొడుకు పుడితే చిన్న రౌతు అని పిలుద్దామని కాచుకుని కూర్చున్నాడట. కూతురు పుట్టింది. "అయితే ఏమైంది, రౌతమ్మ" అన్నాడట. నడక సరిగ్గా రాకముందే ఎత్తి జీను మీద కూర్చోబెట్టాడు.

పెద్ద రౌతు పాఠం ఒకటే. "రౌతు కొద్దీ గుర్రం. నీ భయం నీకంటే ముందు దానికి తెలుస్తుంది." ఆయన జీవితంలో రెండుసార్లు భుజం విరిగింది, మోకాలు ఒకసారి, పక్కటెముకలు ఎన్నో ఆయనకే లెక్క లేదు. తలకు మాత్రం గీత కూడా పడలేదు. హెల్మెట్ పెట్టుకున్నవాళ్ళని చూస్తే ఆయనకి నవ్వొచ్చేది. "భయాన్ని నెత్తినెక్కించుకుని గుర్రం ఎక్కుతున్నారు చూడండి" అనేవాడు. కూతురూ నవ్వేది. పెళ్ళయింది, ఇద్దరు పిల్లలు పుట్టారు, తండ్రి పక్కనే నిలబడి పదిమందికి స్వారీ నేర్పే స్థాయికి వచ్చింది. అప్పటికీ నెత్తిమీద జుట్టు తప్ప మరేమీ లేదు.

ఆవిడ పడింది దౌడులో కాదు. మీరెవరైనా అలా అనుకుంటే ఆవిడకి ఒళ్ళు మండుతుంది. ఒక మధ్యాహ్నం పాఠాలన్నీ అయిపోయాక, శాలలో అన్నిటికంటే సాధువైన ఆడగుర్రం మీద గేటు దగ్గర ఊరికే కూర్చుని ఉంది. దాని పేరే నిదానం. దాణా తెచ్చినాయనతో కబుర్లు చెబుతూ, రికాబుల్లోంచి కాళ్ళు తీసేసి ఊపుతోంది. ఇంతలో గాలికి శాల కప్పు రేకు ఒకటి ఊడి కిందపడింది. నిదానం ఒక్క అడుగు పక్కకి వేసింది. అంతే. రౌతమ్మ నవ్వుతూ నవ్వుతూనే అవతలికి జారింది. నీళ్ళతొట్టి అంచుకి తల కొట్టుకుంది.

మళ్ళీ కళ్ళు తెరిచేసరికి ఆసుపత్రిలో ఉంది. కాళ్ళూ చేతులూ ఆడుతున్నాయి, మనుషుల్ని గుర్తుపడుతోంది. అందరూ గండం గడిచిందనుకున్నారు. ఏం పోయిందో ఇంటికొచ్చాక తెలిసింది. పొయ్యి మీద పాలు మాడి గిన్నె నల్లబడింది, ఆవిడ పక్కనే నిలబడి కూరగాయలు తరుగుతోంది. వాళ్ళత్తగారు ముక్కు మూసుకుని పరిగెత్తుకొచ్చి, "ఇల్లంతా కంపు కొడుతుంటే నీకు తెలియట్లేదా తల్లీ?" అంది. తెలియట్లేదు. సబ్బు వాసన లేదు, వాన పడ్డప్పటి మట్టి వాసన లేదు. డాక్టరు చూసి, దెబ్బకి ముక్కు నుంచి మెదడుకి వెళ్ళే నరాలు తెగాయన్నాడు. వాసన మళ్ళీ రావచ్చు, రాకపోవచ్చు. ఇంకో దెబ్బ తగిలితే మాత్రం వాసనతో పోదు అన్నాడు.

వాసన పోతే ఏమైందిలే అని చుట్టాలన్నారు. గుర్రాల మనిషికి ఏమవుతుందో వాళ్ళకేం తెలుసు? డెక్క ఎత్తి ముక్కు దగ్గర పెట్టుకుంటే కుళ్ళు మొదలైందో లేదో కంటికి కనపడకముందే తెలిసిపోతుంది. గడ్డి మోపులో బూజు పట్టిందీ లేనిదీ ముక్కే చెప్పాలి. ఆవిడ కోలుకున్నాక మొదటిసారి శాలలోకి వెళ్ళి, నిదానం మెడలో మొహం పెట్టి గట్టిగా ఊపిరి పీల్చింది. గోడలో మొహం పెట్టినట్టుంది. ఆ రోజు ఏడ్చిన ఏడుపు ఆసుపత్రిలో కూడా ఏడవలేదు.

ఇంట్లో పెద్దలంతా కూర్చుని తేల్చేశారు. ఇక గుర్రం వద్దు. అత్తగారు, తోడికోడలు, చివరికి ఎప్పుడూ నోరు మెదపని బస్సు డ్రైవరు మొగుడు కూడా.

"నువ్వు నేర్పిందీ చాలు, ఎక్కిందీ చాలు" అన్నాడాయన.

"మొన్న మీ డిపో బస్సుని లారీ గుద్దింది కదా. ఆ డ్రైవరు ఉద్యోగం మానేశాడా?"

"దానికీ దీనికీ పోలికేంటి?"

"మానలేదు. బెల్టు పెట్టుకుని వెళ్తున్నాడు. మీరే చెప్పారు."

వాకిట్లో కూర్చున్న పెద్ద రౌతు మాట కలిపాడు. "రికాబుల్లో కాళ్ళు లేవు. తప్పు అక్కడుంది. తలదేం లేదు."

రౌతమ్మ లేచి నిలబడింది. "తప్పే నాన్నా. ఒప్పుకుంటున్నా. కానీ తప్పు చేయనివాళ్ళకే తలలు మిగలాలంటే ఈ లోకంలో ఎన్ని తలలు మిగులుతాయి?"

మర్నాడు బజారుకెళ్ళి హెల్మెట్ కొనుక్కొచ్చింది. అత్తగారు గుమ్మంలో అడ్డం నిలబడింది. "మళ్ళీ ఎక్కుతావా? నీ తల నీకు బరువైందా?"

"బరువు కాలేదత్తయ్యా. ఇంకాస్త బరువు పెంచుకుంటున్నా."

మొగుడు సందు చివరిదాకా వెనకే వచ్చాడు. "నాకు భయంగా ఉంది" అన్నాడు.

"నాకూ ఉంది. లేదన్నానా? భయపడుతూనే వెళ్తున్నా" అని ఆవిడ వెళ్ళిపోయింది. మానేస్తే ఆ నీళ్ళతొట్టి గెలిచినట్టు. ఆవిడకి అది మింగుడుపడే విషయం కాదు.

ఆ రోజు నుంచి మైదానంలో షరతు మొదలైంది. హెల్మెట్ లేకుండా ఎవరూ గుర్రం ఎక్కకూడదు. దౌడుకైనా అంతే, నడకకైనా అంతే, ఊరికే కూర్చుని ఫోటో తీయించుకోవడానికైనా అంతే. "అక్కా, గేటు దాకానే కదా" అంటే, "నేను గేటు దగ్గరే పడ్డాను" అనేది. గడ్డం కింద పట్టీ బిగించుకోలేదంటే తన చేత్తోనే బిగించేది. వెనకాల జనం నవ్వుకున్నారు. పిల్లి మీద కూర్చున్నా హెల్మెట్ పెట్టమంటుందని ఒకరు, రాత్రి పడుకునేటప్పుడు కూడా తీయదని ఇంకొకరు. తాను పట్టిన కుందేటికి మూడే కాళ్ళనే రకం అని అందరూను. ఆవిడకి అన్నీ చెవినపడేవి. ఒక్కటీ మనసులో పెట్టుకునేది కాదు.

మైదానం యజమాని మాత్రం నవ్వలేదు. ప్రకటనకని ఒక ఫోటోగ్రాఫర్ని పిలిపించాడు. గాలికి జుట్టెగురుతూ, నవ్వుతూ స్వారీ చేసే పడుచుపిల్లలు కావాలన్నాడు ఫోటోగ్రాఫరు. ఈ గుండ్రటి డిప్పలు పెడితే అందరూ ఒకేలా ఉన్నారన్నాడు.

"ఒక్క గంట వదిలేయమ్మా" అన్నాడు యజమాని.

"జుట్టు కనపడాలంటే కింద నిలబెట్టి తీయండి. బ్రహ్మాండంగా కనపడుతుంది."

"ఇది నా మైదానం, రౌతమ్మా."

"మీదే. గుర్రాలూ మీవే. కానీ ఈ పిల్లల్ని మీకు కాదు, నాకు అప్పజెప్పి వెళ్ళారు వాళ్ళ అమ్మానాన్నలు."

అంటూనే గుర్రాల మీంచి జీనులు ఒక్కొక్కటే విప్పింది. అన్నీ గదిలో పడేసి, తలుపుకి తాళం వేసి, తాళంచెవి బొడ్లో దోపుకుని ఆ గుమ్మంలోనే కూర్చుంది. "జీను లేకుండా ఎక్కగలిగినవాళ్ళు ఎక్కండి. ముందు యజమానిగారే ఎక్కాలి, మాకు దారి చూపించాలి" అంది. యజమాని జన్మలో గుర్రం ఎక్కలేదు. ఎండ నెత్తిమీదికొచ్చేదాకా బేరాలు నడిచాయి. చివరికి హెల్మెట్లతోనే ఫోటోలు తీశారు. "నీతో తల ప్రాణం తోకకొస్తోంది" అన్నాడు యజమాని. కొందరు మానేసి, వంతెన అవతల కొత్తగా తెరిచిన మైదానానికి వెళ్ళిపోయారు. అక్కడ అడిగేవాళ్ళు లేరు. ఆ మాట యజమాని రోజూ ఆవిడకి వినపడేలా అనేవాడు. ఉద్యోగం ఊడుతుందని ఇంట్లో అందరూ గుండెలు అరచేతిలో పెట్టుకున్నారు. ఊడలేదు. అంత ఓపిగ్గా నేర్పే మనిషి ఇంకొకరు దొరకాలిగా.

అవన్నీ బయటివాళ్ళతో గొడవలు. అసలుది తండ్రితో వచ్చింది.

పెద్ద రౌతు మోకాలి నొప్పితో చాలాకాలంగా గుర్రం ఎక్కలేదు. రోజూ శాలకి వచ్చి బల్ల మీద కూర్చునేవాడు. కూతురు డెక్కలు ఎత్తి పట్టుకుంటే వంగి వాసన చూసి, "బాగుంది", "దీనికి మందు వెయ్యి" అని చెప్పేవాడు. పోయిన ఆవిడ ముక్కుకి బదులు ఇప్పుడు ఆయన ముక్కే. ఒక చల్లటి పొద్దున ఆయన పాత బూట్లు నిగనిగలాడేలా తుడుచుకుని వచ్చాడు. "మోకాలు ఇవాళ మాట వింటోందే అమ్మాయ్. మబ్బుని తీసుకురా" అన్నాడు. మబ్బు అంటే ఆయన స్వయంగా మచ్చిక చేసిన బూడిదరంగు గుర్రం.

రౌతమ్మ మొహం వెలిగిపోయింది. పరుగున వెళ్ళి మబ్బుకి తనే మాలీసు చేసింది, తనే జీను కట్టింది, ఎక్కడానికి వీలుగా ఎత్తుపీట తెచ్చి పెట్టింది. తర్వాత గదిలోకి వెళ్ళి ఒక హెల్మెట్ తెచ్చింది.

పెద్దాయన దాన్ని చూశాడు, కూతుర్ని చూశాడు.

"నాకా?"

"మీకే."

"నేను గుర్రాలు మచ్చిక చేసేనాటికి నీకు చీమిడి తుడుచుకోవడం రాదే."

"ఇప్పుడు వచ్చు నాన్నా. పెట్టుకోండి."

"ఈ వయసులో నా తల ఏమైతే ఎవరికేంటి? నా తల నా ఇష్టం."

"మీ తల మీ ఇష్టమే. అది పగిలితే ఎత్తుకోవాల్సింది నేను. ఆసుపత్రిలో కూర్చోవాల్సింది నేను. అప్పుడు మీ ఇష్టం ఎక్కడికి పోతుంది?"

"అందరూ చూస్తున్నారే" అన్నాడు ఆయన గొంతు తగ్గించి.

అందరూ చూస్తున్నారు. నేర్చుకోవడానికి వచ్చినవాళ్ళు, దాణా ఆయన, యజమాని, అంతా. రౌతమ్మ మబ్బు కళ్ళెం సవరించింది. ఒక్క మాట, 'సరే, ఈ ఒక్కసారికి' అంటే చాలు. ఆ మాట నాలుక చివరిదాకా వచ్చింది కూడా. దాన్ని మింగేసింది. "ఎక్కితే ఇది పెట్టుకునే ఎక్కాలి. లేదంటే మబ్బుని లోపలికి తీసుకెళ్తా" అంది.

ఆయన చేతికర్ర తీసుకుని గేటు దాటి వెళ్ళిపోయాడు.

తిన్నగా వంతెన అవతలి మైదానానికే వెళ్ళాడు. అక్కడ ఒట్టి నెత్తితో గుర్రం ఎక్కి మైదానమంతా తిరిగాడు. దౌడు కూడా తీయించాడని చూసినవాళ్ళు చెప్పారు. ఏమీ కాలేదు. సాయంత్రం ఇంటికొచ్చి, కూతురికి వినపడేలా అల్లుడితో అన్నాడు: "దిగేటప్పుడు ఎవరి చెయ్యీ పట్టుకోలేదయ్యా."

రౌతమ్మ కబురు తెలిసిన దగ్గర్నుంచీ గుమ్మానికీ వాకిలికీ తిరుగుతూనే ఉంది. ఆయన నిక్షేపంలా ఉండటం చూశాక ఆ భయమంతా కోపమైంది. "పడలేదు. సంతోషం. నా దగ్గర మాత్రం షరతు అదే" అంది.

మొండివాడు రాజుకన్నా బలవంతుడంటారు. మరి మొండివాళ్ళిద్దరూ తండ్రీ కూతుళ్ళయితే ఇంట్లోవాళ్ళ సంగతి ఎవరూ చెప్పలేదు. ఆ చలికాలమంతా వాళ్ళిద్దరూ మాట్లాడుకోలేదు. ఆయన శాలకి రావడం మానలేదు. ఆవిడ డెక్క ఎత్తి పట్టుకునేది, ఆయన వాసన చూసి తల ఊపేవాడు. నిలువుగా ఊపితే బాగున్నట్టు, అడ్డంగా ఊపితే మందు వేయమన్నట్టు. బంధువులొచ్చి ఆవిడ్నే తప్పుపట్టారు. "ముసలాయన ఒక్క ముచ్చట తీర్చలేకపోయావు. ఇన్నాళ్ళూ పగలని తల ఇప్పుడు పగులుతుందా?" అన్నారు. "పగలకపోవచ్చు. ఆయన అదృష్టం ఆయనది. నేను అదృష్టం చూసి ఎవరినీ గుర్రం ఎక్కించను" అనేది. రాత్రి మాత్రం మొగుడితో, "పాపం బూట్లు తుడుచుకొచ్చాడండీ" అని కళ్ళు ఒత్తుకునేది. పొద్దున్నే మళ్ళీ మామూలే.

చలి తగ్గాక, జిమ్ము నడిపే ఒక కుర్రాడు నేర్చుకుంటానని వచ్చాడు. కండలు తిరిగినవాడు, నవ్వుమొహం. హెల్మెట్ చేతికిస్తే పట్టుకుని అటూ ఇటూ తిప్పాడు.

"మేడం, పెద్ద రౌతుగారు ఎప్పుడూ పెట్టుకోలేదటగా? అంత గొప్పాయనకే అక్కర్లేనిది నాకెందుకు?"

రౌతమ్మ నోరు తెరిచేలోపే బల్ల మీంచి గొంతు వినపడింది.

"అందుకే నన్నెక్కనివ్వట్లేదు బాబూ. కన్నతండ్రినే నడిపించి పంపింది. నువ్వెంత?"

మైదానమంతా గొల్లుమంది. కుర్రాడు ఎర్రబడి హెల్మెట్ పెట్టుకున్నాడు. రౌతమ్మ వాడి పట్టీ బిగిస్తూ తండ్రి వైపు చూసింది. ఆయన అటు తిరిగి దగ్గుతున్నాడు. లొంగిపోయాడని అనుకునేరు. ఆయన తర్వాత కూడా హెల్మెట్ పెట్టుకోలేదు, పెట్టుకోకుండా ఆవిడ ఎక్కనివ్వలేదు, వంతెన అవతలికి ఆయన మళ్ళీ వెళ్ళలేదు. ఎందుకు వెళ్ళలేదని అడిగితే, అక్కడి గుర్రాలకి పొగరు లేదన్నాడు. మాటలు మాత్రం కలిశాయి.

ఇప్పటికీ ఎవరో ఒకరు అడుగుతూనే ఉంటారు, మీ నాన్నని ఎక్కనివ్వనందుకు బాధ లేదా అని. "ఉంది. చాలా ఉంది" అంటుంది ఆవిడ. "రేపు అడిగినా ఎక్కనివ్వను."

పాఠాలు అయ్యాక ఆవిడ మబ్బు మీద ఒక చుట్టు తిరుగుతుంది. పట్టీ గడ్డం కింద బిగుసుకుని ఉంటుంది, పాదాలు రికాబుల్లో ఉంటాయి. బల్ల మీద పెద్దాయన కర్ర పైకెత్తి అరుస్తాడు.

"మోచేతులు! మోచేతులు ఎగరేస్తున్నావే!"

"సరే నాన్నా" అని ఆవిడ మోచేతులు పక్కలకి దగ్గరగా తెచ్చుకుని దౌడు తీయిస్తుంది.